సెంటర్ బేరింగ్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా కారుకు 22 ఏళ్లు. ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనుక చక్రాలకు, మాన్యువల్ గేర్లు. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు సీట్ల మధ్య, సరిగ్గా కాళ్ల కింద నుంచి దడదడమని వణుకు వస్తోంది. కాస్త వేగం అందుకోగానే పోతుంది. ఈ మధ్య 60 దాటితే గుయ్‌మని ఆగకుండా ఒక మోత కూడా మొదలైంది. వర్క్‌షాప్‌లో చూపిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగ్ పోయిందని, షాఫ్ట్ మొత్తం మార్చేయడమే మంచిదని అన్నారు. బేరింగ్ మాత్రం విడిగా దొరుకుతోంది. ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ కేబుల్ నేనే మార్చుకుంటాను. ఇది కూడా ఇంట్లో చేయగలనా? షాఫ్ట్ మొత్తం మార్చాల్సిందేనా?

సమాధానం: చేయగలరు. బ్రేకులు, క్లచ్ కేబుల్ మీరే చూసుకుంటున్నారంటే ఇది మీకు మించిన పని కాదు. షాఫ్ట్ మొత్తం మార్చాలా అన్నది మాత్రం దాన్ని కిందికి దించి, జాయింట్లను (షాఫ్ట్ వంపులోనూ తిరగడానికి వీలిచ్చే కీళ్లను) చేత్తో ఆడించి చూస్తేనే తేలుతుంది. వర్క్‌షాప్ వాళ్లు చెప్పింది తప్పని అనను. అలా చెప్పడానికి కారణం ఉండే అవకాశం ఉంది, దాని గురించి కింద రాస్తాను.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇక్కడ బేరింగ్ మార్చడం చిన్న భాగం. ఊడదీసిన షాఫ్ట్ మళ్లీ పాత తీరులోనే, పాత బోల్టు రంధ్రాలకు, పాత పళ్లకు (ఒక ముక్క ఇంకో ముక్కలో జారి కూర్చునే గాళ్లకు) ఎదురుగా కూర్చోవాలి. అసలు పని అదే. బేరింగ్ కొత్తదైనా షాఫ్ట్ ఒక్క పన్ను తేడాతో ఎక్కితే కారు మునుపటికంటే ఎక్కువ వణుకుతుంది. అప్పుడు చాలామంది కొత్త బేరింగ్ నాసిరకమని దాన్ని తిడతారు.

మీరు రాసిన రెండు లక్షణాలు రెండు వేర్వేరు భాగాలవి. గేర్‌బాక్స్ నుంచి వెనుక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ దాకా వెళ్లే షాఫ్ట్ మీ కారులో రెండు ముక్కలుగా ఉంది. ఆ రెండూ కలిసే చోట కారు అడుగుకు బిగించిన ఒక బ్రాకెట్, అందులో మందపాటి రబ్బరు, ఆ రబ్బరు మధ్యలో బేరింగ్ ఉంటాయి. కారు కదిలే క్షణంలో షాఫ్ట్ మీద మెలిపెట్టే బలం బాగా ఎక్కువగా ఉంటుంది. జాయింట్లు కాస్త వంపులో పనిచేస్తాయి కాబట్టి ఆ బలంలో కొంత షాఫ్ట్‌ను పైకీ కిందికీ తోస్తుంది. రబ్బరు బాగుంటే ఆ తోపును మింగేస్తుంది. చిరిగితే ఆ తోపు నేరుగా కారు అడుగుకు తగిలి మీ కాళ్లకు తెలుస్తుంది. వేగం పెరిగినప్పుడు వచ్చే మోత రబ్బరుది కాదు, బేరింగ్ లోపలి గుండ్లది, అవి తిరిగే దారులది. మీకు రెండూ ఉన్నాయంటే రబ్బరు ముందు పోయి, తర్వాత బేరింగ్ అరిగి ఉంటుంది. చాలా పాత కార్లలో జరిగేది ఈ వరసలోనే.

షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగ్ పెట్టడానికి బలమైన కారణమే ఉంది. పొడవైన గొట్టం వేగంగా తిరిగితే ఒక దశలో మధ్యలో విల్లులా వంగి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ దశ వచ్చే వేగం పొడవు మీద చాలా గట్టిగా ఆధారపడుతుంది. అదే గొట్టాన్ని సగం పొడవు చేస్తే ఆ వేగం నాలుగు రెట్లు పెరుగుతుంది. షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతుందో ఒక లెక్క చూడండి. టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు అనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే షాఫ్ట్ 2,800 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 46 చుట్లకు పైనే. మీరు కూర్చున్న సీటు పక్కన, కొద్ది అంగుళాల కింద. అందుకే దీన్ని 'ఇంకొన్నాళ్లు నడుపుదాం' అని వదిలేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రబ్బరు పూర్తిగా తెగితే షాఫ్ట్ అడుగు రేకుకు కొట్టుకుంటుంది. దాని పక్కనే వెళ్లే బ్రేకు పైపు, పెట్రోలు పైపు దెబ్బతినొచ్చు.

అయినా ఒక్క మాట విని బేరింగ్ కొనేయకండి, ముందు మీరే రూఢి చేసుకోండి. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద మోత వచ్చే వేగానికి వెళ్లి గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి కారును దానంతట అదే పోనివ్వండి. ఇంజిన్ మాత్రం ఆపవద్దు, ఆపితే బ్రేకుకు సాయం పోతుంది. ఇంజిన్ వేగం పడిపోయినా మోత అలాగే ఉండి, కారు వేగంతో పాటే తగ్గుతూ వస్తే అది ఇంజిన్‌ది కాదు. షాఫ్ట్, డిఫరెన్షియల్, చక్రాలు, ఈ మూడింటిలో ఏదో ఒకటి. మెల్లగా కుడికీ ఎడమకీ స్టీరింగ్ తిప్పినప్పుడు మోత పెరగడమో తగ్గడమో జరిగితే చక్రం బేరింగ్‌ను అనుమానించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా అరిస్తే డిఫరెన్షియల్ వైపు చూడండి. వెనక్కీ ముందుకీ గేరు మార్చి కదిలినప్పుడు టక్కుమంటే, లేదా నెమ్మదిగా పోతున్నప్పుడు కీచు కీచుమని లయగా అరిస్తే అది జాయింట్ క్రాస్, అంటే జాయింట్ మధ్యలో ఉండే కూడిక గుర్తు ఆకారపు ముక్క. వీటిలో దేనికీ మారకుండా కారు వేగంతోనే పెరిగి తగ్గే మోత, నడుం కింద నుంచి వచ్చేది సెంటర్ బేరింగ్‌ది.

తర్వాత కారు ఎత్తి చూడాలి. ఎత్తడం గురించి చెప్పేటప్పుడు నేను మొహమాటపడను. జాకీ కారును ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కింద తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టవద్దు. గట్టి, సమతలమైన నేల, బరువుకు సరిపోయే స్టాండ్లు రెండు, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు ఉండాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఒక్కసారిగా పగిలిపోతాయి, వాటిని స్టాండ్లుగా వాడొద్దు. వెనుక భాగం ఎత్తితే హ్యాండ్ బ్రేకు పట్టుకునే చక్రాలు గాలిలో ఉంటాయి, కాబట్టి కారును ఆపేది ముందు చక్రాల దిమ్మలే. దీనికి తోడు ఇంకో విషయం చాలామందికి తట్టదు. షాఫ్ట్ ఊడిన తర్వాత గేరులో పెట్టి ఉంచినా కారు ఆగదు, ఎందుకంటే గేర్‌బాక్స్‌కూ చక్రాలకూ మధ్య సంబంధమే ఉండదు. ఆటోమేటిక్ కారులో పార్క్‌కూ ఇదే వర్తిస్తుంది. కొన్ని పాత జీపు తరహా బండ్లలో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర కాకుండా గేర్‌బాక్స్ వెనుక షాఫ్ట్ మీదే ఉంటుంది. అలాంటి బండిలో షాఫ్ట్ దించితే హ్యాండ్ బ్రేకు కూడా పోయినట్టే. స్టాండ్ల మీద పెట్టాక కింద దూరే ముందు బంపర్ దగ్గర పట్టుకుని కారును గట్టిగా ఊపి చూడండి. ఇంట్లో ఎవరినైనా పిలిస్తే పలికేంత దూరంలో ఉండమనండి.

ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ బేరింగ్ దగ్గర షాఫ్ట్‌ను పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ ఆడించండి. రబ్బరు మెత్తగా ఉంటుంది కాబట్టి కొద్దిగా కదలడం మామూలే. చుట్టూ టార్చి వేసి చూస్తే చిరుగు కనిపించడం, షాఫ్ట్ బ్రాకెట్ మధ్యలో కాకుండా ఒక పక్కకు వాలి ఉండటం, ఇనుము ఇనుముకు తగిలిన మెరుపు గీతలు, ఇవి మామూలు కాదు. రబ్బరు నూనెతో తడిసి ఉబ్బి ఉంటే గేర్‌బాక్స్ వెనుక ఆయిల్ సీలు కారుతోందేమో చూసుకోండి. దాన్ని వదిలేసి కొత్త రబ్బరు వేస్తే దానికీ అదే గతి.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పను. సాకెట్లు, రింగ్ పానాలు, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), వైరు బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, సుత్తి, కళ్లద్దాలు కావాలి. ఫ్లాంజ్ (షాఫ్ట్ చివర బోల్టులతో బిగించే చదునైన అంచు) బోల్టులకు మూతి తెరిచి ఉన్న పానా వాడొద్దు, తలలు గుండ్రమైపోతాయి. ముందు రోజు సాయంత్రమే బోల్టుల మరలను బ్రష్‌తో రుద్ది స్ప్రే కొట్టి వదిలేయండి. ఈ ఒక్క రాత్రి మర్నాడు మీకు చాలా శ్రమ తగ్గిస్తుంది. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ సంపాదించండి. బోల్టుల బిగింపు కొలతలు మోడల్‌ను బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ ఒక అంకె రాసి మిమ్మల్ని తప్పుదారి పట్టించలేను.

ఇక గుర్తులు. ఒక్క బోల్టు కూడా వదులు చేయకముందు, షాఫ్ట్‌లో విప్పబోయే ప్రతి కలయిక దగ్గరా గుర్తు పెట్టండి. డిఫరెన్షియల్ ఫ్లాంజ్‌కూ షాఫ్ట్ ఫ్లాంజ్‌కూ మీదుగా ఒక గీత. మధ్యలో రెండు ముక్కలు కలిసే చోట రెండింటి మీదుగా ఒక గీత. ముందు గేర్‌బాక్స్ దగ్గర ఒకటి. బ్రాకెట్ కారు అడుగు మీద ఎక్కడ కూర్చుందో దాని చుట్టూ ఒకటి. జిడ్డు తుడిచి తెల్ల పెయింటుతో గీయండి. చాక్‌పీసు చాలదు, తుప్పు స్ప్రే తగిలితే పోతుంది. ఫ్లాంజ్ అంచు మీద సెంటర్ పంచ్‌తో చిన్న చుక్క కూడా కొట్టొచ్చు. గొట్టం మీద మాత్రం ఎక్కడా కొట్టకండి. తర్వాత ఫోన్‌తో ఫోటోలు తీయండి. ఫోటోలు గుర్తులకు తోడు మాత్రమే, వాటికి బదులు కావు.

ఈ గుర్తుల మీద ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తే ఎవరూ దీన్ని దాటేయరు. జాయింట్ క్రాస్ వంపులో తిరిగినప్పుడు అటు చివర ఒకే వేగంతో తిప్పినా ఇటు చివర ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. వంపు 5 డిగ్రీలైతే ఆ తేడా నూటికి అర వంతు కూడా ఉండదు. 10 డిగ్రీలైతే నూటికి ఒకటిన్నర వంతు పైకి, అంతే కిందికి. చిన్న అంకెలే, కానీ సెకనుకు 46 చుట్లు తిరిగే బరువైన గొట్టానికి అది చాలు. కారు తయారుచేసినవాళ్లు ఒక జాయింట్ తెచ్చిన ఎగుడుదిగుడును ఇంకో జాయింట్ రద్దు చేసేలా వాటి కోణాలను కుదురుస్తారు. ఆ కుదురు షాఫ్ట్ ముక్కలు ఒకదానికొకటి ఏ పన్నులో కూర్చున్నాయన్నదాని మీద ఉంటుంది. ఒక పన్ను జరిగితే రద్దు కావాల్సింది సరిగ్గా రద్దు కాదు. పైగా షాఫ్ట్‌ను బ్యాలెన్స్ చేసేది కూడా ఆ కూర్పులోనే. కంటితో చూసి యోక్‌లు (జాయింట్ క్రాస్‌ను అటూ ఇటూ పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒక వరసలో ఉన్నాయని సరిపెట్టుకోవడం కూడా నమ్మదగింది కాదు. కొన్ని మోడళ్లలో ముందు, వెనుక యోక్‌లు కావాలనే ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. మీ కారులో ఎలా ఉందో అలాగే తిరిగి వెళ్లాలి, అంతే.

దించడం సులువే. ఎగ్జాస్ట్ పైపు, వేడి తగలకుండా పెట్టిన రేకు అడ్డం వస్తే ముందు వాటిని వదులు చేసుకోండి, పైపును తీగతో కట్టి వేలాడదీయండి. డిఫరెన్షియల్ దగ్గరి నాలుగు బోల్టులతో మొదలుపెట్టండి. షాఫ్ట్ తిప్పి ఒక్కో బోల్టును చేతికి అందే చోటికి తెచ్చుకుని, హ్యాండ్ బ్రేకు లాగి వదులు చేయండి. అన్నీ వదులయ్యాక ఒకటి అలాగే ఉంచి మిగతావి తీయండి, లేకపోతే షాఫ్ట్ ఒక్కసారిగా మీద పడుతుంది. మీ కారులో క్రాస్ మూతలు పట్టీలతో బిగించి ఉంటే విప్పగానే వాటి చుట్టూ టేపు చుట్టండి. మూత జారితే లోపలి సూదులు నేల మీద చెల్లాచెదురవుతాయి, ఒక్క సూది తప్పినా జాయింట్ పాడవుతుంది. వెనుక చివర ఊడాక దాన్ని గాలిలో వేలాడనివ్వద్దు. జాయింట్ తన హద్దు దాటి వంగితే అక్కడే దెబ్బతింటుంది. ఒక పెట్టె మీదో, తాడు మీదో ఆనించండి.

తర్వాత మధ్య బ్రాకెట్ బోల్టులు. బ్రాకెట్‌కూ అడుగుకూ మధ్య పలుచని రేకు ముక్కలు కనిపిస్తే వాటిని చెత్త అనుకోవద్దు. జాయింట్ల వంపును కుదర్చడానికి ఫ్యాక్టరీలో పెట్టినవి అవి. ఏ పక్క ఎన్ని ఉన్నాయో రాసుకుని, ఆ పక్క బోల్టుకే దారంతో కట్టి ఉంచండి. ముందు భాగం గేర్‌బాక్స్‌లోకి జారే రకమైతే బయటికి లాగగానే కొంత ఆయిల్ కారుతుంది. వెనుక భాగం ఎత్తి ఉంది కాబట్టి తక్కువే కారుతుంది, అయినా కింద పళ్లెం పెట్టి, ఆ మూతికి ప్లాస్టిక్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. కారిన ఆయిల్ ఎంతో చూసుకుని చివర్లో మళ్లీ నింపాలి. ముందు భాగం గుండ్రని రబ్బరు కప్లింగ్‌తో ఉన్న రకమైతే బోల్టు తలను కదలకుండా పట్టుకుని, లోహపు ఫ్లాంజ్ వైపున్న నట్టును మాత్రమే తిప్పండి. రబ్బరు వైపు తిప్పితే అది మెలిపడి త్వరగా చిరుగుతుంది.

షాఫ్ట్ చేతికొచ్చాక, బేరింగ్ జోలికి వెళ్లకముందే, ప్రతి జాయింట్‌నూ రెండు దిక్కుల్లోనూ నెమ్మదిగా వంచి చూడండి. వేళ్లకు నునుపుగా, ఒకే బిగువుతో కదలాలి. లొడలొడలాడినా, మధ్యలో ఒకచోట చిన్న గాడిలో పడ్డట్టు ఆగినా ఆ క్రాస్ అరిగిపోయినట్టే. మీ ప్రశ్నలోని రెండో భాగానికి జవాబు ఇక్కడే ఉంది. క్రాస్ సర్‌క్లిప్‌లతో (తీసి పెట్టగల స్ప్రింగు రింగులతో) బిగించినదైతే కొత్త క్రాస్ వేయొచ్చు, బేరింగ్‌తో పాటే ఆ పనీ అయిపోతుంది. అంచులు కొట్టి శాశ్వతంగా బిగించిన రకమైతే ఇంట్లో మార్చడం కుదరదు. అప్పుడు షాఫ్ట్ మొత్తం మార్చడమో, షాఫ్ట్‌లు బాగుచేసి బ్యాలెన్స్ చేసేవాళ్లకు ఇవ్వడమో తప్పదు. మధ్యలో జారే పళ్లు బాగా అరిగినా, గొట్టానికి సొట్ట ఉన్నా అంతే. వర్క్‌షాప్ వాళ్లు ఇలాంటిదేదైనా చూసి చెప్పారేమో అడగండి. జాయింట్లు, పళ్లు, గొట్టం మూడూ బాగుంటే షాఫ్ట్ మార్చడం అనవసరం. బేరింగ్ చాలు.

ఇప్పుడు బేరింగ్ పని. ఇక్కడ నా సలహా, షాఫ్ట్‌నూ కొత్త బేరింగ్‌నూ తీసుకుని హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న చోటికి వెళ్లండి. మొత్తం పనిలో ఇంట్లో సుత్తితో సరిగా చేయడం కష్టమైన భాగం ఇది ఒక్కటే. అక్కడ ఎవరు చేసినా మీరు పక్కనే నిలబడి కొన్ని విషయాలు గమనించండి. మధ్య యోక్‌ను విడదీసే ముందు దానికీ షాఫ్ట్‌కూ మీదుగా గుర్తు ఉందా? బేరింగ్‌కు అటూ ఇటూ ఉన్న దుమ్ము రేకులు ఏది ఎటు ఉందో రాసుకున్నారా? షాఫ్ట్‌ను బెంచ్ వైస్‌లో పట్టేటప్పుడు గొట్టం దగ్గర బిగించకూడదు. పలుచని గొట్టం సొట్టపోతే బ్యాలెన్స్ పోయినట్టే. యోక్ దగ్గర, మెత్తని దవడలతో పట్టాలి. గొట్టానికి అతికించి ఉన్న చిన్న ఇనుప ముక్కలు బ్యాలెన్స్ కోసం పెట్టినవి, తుప్పు శుభ్రం చేసే ఊపులో వాటిని కదపకూడదు.

పాత బేరింగ్ లోపలి రింగు ఒక్కోసారి షాఫ్ట్‌కు అంటుకుపోయి పుల్లర్‌కు రాదు. గ్రైండర్‌తో రింగు మీద దాదాపు దాని మందమంత లోతుగా ఒక గాడి కోసి, ఆ గాడిలో ఉలి పెట్టి ఒక దెబ్బ వేస్తే రింగు పగిలి వదులవుతుంది. గ్రైండర్ షాఫ్ట్‌ను తాకకూడదు. ఆ రింగు గట్టి ఉక్కు, పగిలితే ముక్కలు ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా ఆ దరిదాపుల్లో ఎవరూ నిలబడవద్దు.

కొత్త బేరింగ్‌ను షాఫ్ట్ మీదికి ఎక్కించేటప్పుడు ఒకే నియమం, తోసే బలం లోపలి రింగు మీదే పడాలి. దానికి సరిపోయే గొట్టం ముక్క పెట్టి నొక్కాలి. బయటి రింగు మీదో, రబ్బరు మీదో, బ్రాకెట్ మీదో నొక్కితే ఆ బలం గుండ్ల గుండా వెళ్లి దారుల్లో కంటికి కనిపించని గుంటలు పెడుతుంది. బేరింగ్ ఆ రోజు బాగానే తిరుగుతుంది, కొన్ని వారాలకే మోత మొదలవుతుంది. సులువుగా దిగాలని వేడిచేస్తే 80 డిగ్రీలు దాటనివ్వద్దు, మంట అసలే చూపించవద్దు. లోపలి గ్రీజు, సీళ్లు, చుట్టూ ఉన్న రబ్బరు అంతకు మించి తట్టుకోవు. షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటును సన్నని ఎమరీ కాగితంతో తుడిచి, పలుచగా నూనె రాస్తే చాలు. సీలు ఉన్న బేరింగ్‌లోకి గ్రీజు ఎక్కించాల్సిన పని లేదు. జారే పళ్లకు మాత్రం మాన్యువల్ చెప్పిన గ్రీజు పెట్టండి, రబ్బరుకు తగలనివ్వకండి. మధ్య యోక్‌ను పట్టే నట్టు ఒకసారి తీశాక మళ్లీ వాడకుండా కొత్తది వేయండి. ఫ్లాంజ్‌ల దగ్గర సెల్ఫ్ లాకింగ్ నట్లు ఉంటే వాటికీ ఇదే మాట.

కొత్త బేరింగ్ కొనేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి పోల్చండి. లోపలి వ్యాసం సరిపోవడం ఒక్కటే చాలదు. బ్రాకెట్ ఎత్తు, బోల్టు రంధ్రాల దూరం, బేరింగ్ మధ్య నుంచి బ్రాకెట్ ఆనే తలం దాకా ఉన్న కొలత కలవాలి. ఆ ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు మారినా జాయింట్ల వంపు మారి, కదిలేటప్పుడు మళ్లీ అదే వణుకు వస్తుంది. రబ్బరు, బేరింగ్, బ్రాకెట్ కలిపి ఒకటిగా వచ్చేది తీసుకోండి. బేరింగ్ ఒక్కటే మార్చి పాత రబ్బరు ఉంచితే మీ మొదటి సమస్య అలాగే ఉండిపోతుంది.

ఎక్కించడం దించిన వరసకు తిరగేసి. ముందు చివర, మధ్య, వెనుక, మూడు చోట్లా గుర్తులు కలిశాకే బోల్టులు వేయండి. మరలను చేత్తోనే మొదలుపెట్టి అన్నీ కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. మధ్య బ్రాకెట్ బోల్టులను మాత్రం చివరిదాకా వదులుగానే ఉంచండి. రెండు చివరలూ పూర్తిగా బిగించాక, షాఫ్ట్‌ను చేత్తో కొన్ని చుట్లు తిప్పితే బ్రాకెట్ తన చోటు తానే వెతుక్కుంటుంది. అప్పుడు రబ్బరు ఏ పక్కకూ లాగినట్టు లేకుండా చూసి బిగించండి. కొన్ని మోడళ్లలో బ్రాకెట్‌ను కావాలనే కొన్ని మిల్లీమీటర్లు ముందుకు తోసి బిగించమంటారు. బీఎండబ్ల్యూ పాత కార్లు అలాంటివే. ఇంకొన్నింట్లో కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు చేయాలి. ఇలాంటి చోట మాన్యువల్ మాటే వినండి, నా మాట కాదు.

షాఫ్ట్ పనులు అయ్యాక గేర్‌బాక్స్ రబ్బరు మౌంట్‌ను కూడా ఒకసారి చూడండి. అది కుంగితే గేర్‌బాక్స్ తోక కిందికి వాలి జాయింట్ వంపు మారుతుంది, కొత్త సెంటర్ రబ్బరు త్వరగా అరుగుతుంది. కారు ఎత్తు పెంచిన స్ప్రింగులు వేయించి ఉంటే కూడా ఇదే జరుగుతుంది. 22 ఏళ్ల కారులో మొదటి సెంటర్ బేరింగ్ ఇప్పుడు పోయిందంటే అది వయసు. ఈ మధ్యే మార్చినది మళ్లీ పోయి ఉంటే కారణం ఇంకెక్కడో ఉంది, దాన్ని వెతకకుండా మూడోది వేయవద్దు.

దిమ్మలు తీసేముందు గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం చూసి నింపండి. మొదటి ప్రయాణం ఇంటి చుట్టుపక్కల, నెమ్మదిగా. నాలుగైదుసార్లు ఆగి కదిలి చూడండి. వణుకు పోయిందని తేలాక మెల్లగా వేగం పెంచుతూ మోత వచ్చే వేగం దాకా వెళ్లండి. తిరిగొచ్చి, షాఫ్ట్, ఎగ్జాస్ట్ చల్లారాక, బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో పరీక్షించండి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి.

కదిలేటప్పుడు వణుకు పోయినా వేగంలో కొత్త వణుకు వస్తే భయపడకండి, ఎక్కువసార్లు అది కూర్పులో తేడానే. ముందు గుర్తులు చూడండి. అవి కలిసే ఉంటే, లేదా ఎక్కడో చెరిగిపోయి ఉంటే, డిఫరెన్షియల్ దగ్గరి నాలుగు బోల్టులు తీసి, షాఫ్ట్ ఫ్లాంజ్‌ను సగం చుట్టు తిప్పి బిగించి, మళ్లీ అదే రోడ్డు మీద అదే వేగంలో చూడండి. కొన్నిసార్లు అంతటితో సర్దుకుంటుంది. సర్దుకోకపోతే షాఫ్ట్ దించి బ్యాలెన్సింగ్‌కు ఇవ్వండి. అప్పటిదాకా ఆ వేగానికి వెళ్లకండి.